భిలాయి దారిలో కుష్టు: మందు ఉన్నా వ్యాధి ఎందుకు పోలేదు?

విజయనగరం నుంచి బొబ్బిలి, పార్వతీపురం, రాయగడ మీదుగా రాయపూర్ చేరే రైలు మార్గం ఉత్తరాంధ్ర పల్లెలకు కొత్తది కాదు. భిలాయిలో ఉక్కు కర్మాగారం కట్టే రోజుల నుంచీ శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల కుటుంబాలు ఈ దారినే పనికి వెళ్లాయి. సోవియట్ యూనియన్‌తో 1955లో ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న నాటి రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. దేశంలోని రైలు పట్టాల్లో అధిక భాగం ఇక్కడ తయారైనవే. సెక్టార్లుగా విభజించిన టౌన్‌షిప్, సెక్టార్ 9లో పెద్ద ఆసుపత్రి, బడులు, తెలుగు సంఘాలతో మధ్య భారతంలో ఆధునిక పట్టణానికి భిలాయి ఒక నమూనాగా నిలిచింది.

ఆ పట్టణం ఉన్న ఛత్తీస్‌గఢ్‌కు మరో గుర్తింపు కూడా ఉంది. దేశంలో కుష్టు వ్యాధి రేటు అత్యధికంగా ఉన్న రాష్ట్రాల్లో అది ఒకటి. జాతీయ స్థాయిలో ప్రజారోగ్య సమస్యగా కుష్టును నిర్మూలించినట్లు 2005 డిసెంబరులోనే ప్రకటించారు. ఆ ప్రకటనకు ఆధారమైన హద్దు, జనాభాలో ప్రతి 10 వేల మందికి ఒక కేసు కంటే తక్కువ. ఛత్తీస్‌గఢ్ రాష్ట్రంగా చూస్తే నేటికీ ఆ హద్దుకు పైనే ఉంది.

మందు ఉంది, అదీ ఉచితం. పూర్తిగా వాడితే వ్యాధి నయమవుతుంది. అయినా కొత్త కేసులు ఎందుకు వస్తున్నాయి? శాస్త్రవేత్తలు చాలాకాలంగా వెతుకుతున్న జవాబులో ఎక్కువ భాగం కాలానికి సంబంధించినది. సూక్ష్మజీవి శరీరంలో చేరిన రోజుకూ, మచ్చ కనిపించిన రోజుకూ, మొదటి మాత్ర వేసుకున్న రోజుకూ మధ్య ఏళ్లు గడిచిపోతాయి. వ్యాధి నిలిచి ఉన్నది ఆ వ్యవధిలోనే.

నెమ్మదిగా పెరిగే సూక్ష్మజీవి

కుష్టుకు కారణమైన మైకోబాక్టీరియం లెప్రేను నార్వేలోని బెర్గెన్‌లో గెరార్డ్ ఆర్మౌర్ హాన్సెన్ 1873లో గుర్తించారు. మనుషుల్లో ఒక జబ్బుకు కారణమని గుర్తించిన తొలి బాక్టీరియాల్లో ఇది ఒకటి. అయినా ఈ సూక్ష్మజీవిని ప్రయోగశాలలో, గాజు పాత్రలోని పోషక ద్రవంలో పెంచడం ఇప్పటివరకూ ఎవరి వల్లా కాలేదు. కుష్టు పరిశోధన మొత్తాన్నీ కుంటుపరచిన ఇబ్బంది ఇదే.

అమెరికాలో చార్లెస్ షెపర్డ్ 1960లో ఎలుక పాదం మెత్తని భాగంలో దీన్ని కొంతమేర పెంచవచ్చని చూపించారు. పదకొండేళ్ల తర్వాత, శరీర ఉష్ణోగ్రత తక్కువగా ఉండే ఆర్మడిల్లో అనే జంతువులో ఈ సూక్ష్మజీవి బాగా పెరుగుతుందని తేలింది. ఒక మందు పనిచేస్తోందో లేదో పరీక్షించాలంటే ఎలుక పాదాల్లో నెలల తరబడి ఎదురుచూడాలి. సాధారణ పేగు బాక్టీరియా 20 నిమిషాల్లో రెండింతలు అవుతుంది. మైకోబాక్టీరియం లెప్రేకు అందుకు సుమారు రెండు వారాలు పడుతుంది.

2001లో దీని జన్యుపటం వెలువడినప్పుడు ఈ నెమ్మదికి కారణం కొంత అర్థమైంది. క్షయ సూక్ష్మజీవికి దగ్గరి బంధువైనా, కాలక్రమంలో ఇది తన జన్యువులను పెద్ద ఎత్తున పోగొట్టుకుంది. పనిచేసే జన్యువులు సుమారు 1,600 ఉంటే, చెడిపోయి పనికిరాకుండా మిగిలినవి 1,100కు పైగా ఉన్నాయి. సొంతంగా బతికే శక్తి కోల్పోయి మనిషి కణాల మీద ఆధారపడిన జీవి ఇది. ఆ పరిశోధనకు వాడిన సూక్ష్మజీవి తమిళనాడుకు చెందిన ఒక వ్యాధిగ్రస్తుడి నుంచి సేకరించినది. అందుకే ఆ రకానికి ‘టీఎన్’ అనే పేరు స్థిరపడింది.

ఈ సూక్ష్మజీవి చర్మంలోను, నరాలకు తొడుగులా ఉండే ష్వాన్ కణాల్లోను స్థిరపడుతుంది. శరీరంలో కాస్త చల్లగా ఉండే చోట్లంటే దీనికి ఇష్టం. అందుకే ముక్కు, చెవి తమ్మెలు, మోచేతి దగ్గర నరం, మోకాలి పక్క నరం ముందుగా దెబ్బతింటాయి. లక్షణాలు బయటపడేందుకు సగటున ఐదేళ్లు, కొందరిలో 20 ఏళ్ల వరకూ పట్టవచ్చు. చికిత్స పొందని వారి ముక్కు, నోటి తుంపర్ల ద్వారా, చాలాకాలం దగ్గరగా మెలిగినవారికి సోకుతుందని నిపుణులు భావిస్తారు. చేయి కలిపితేనో, పక్కన కూర్చుంటేనో అంటుకునేది కాదు. అత్యధికుల్లో సహజంగానే దీన్ని తట్టుకునే శక్తి ఉంటుంది.

సొంతూరు వదిలి వెళ్లిన కార్మికుడి విషయంలో ఈ లెక్క మరింత చిక్కుపడుతుంది. చిన్నప్పుడు ఊళ్లో సోకిన వ్యాధి, పదేళ్ల తర్వాత వందల కిలోమీటర్ల దూరంలో అద్దె గదిలో బయటపడవచ్చు. అతనికి ఎవరి నుంచి వచ్చింది, అతని నుంచి ఎవరికి వెళ్లి ఉంటుంది అన్నది చెప్పడం కష్టం. మచ్చ చూపించాల్సిన ఆరోగ్య కార్యకర్తకు అతను కొత్తవాడు. చికిత్స మధ్యలో పని మారితే చిరునామా కూడా మారుతుంది.

నూనె నుంచి మూడు మందుల దాకా

ఛత్తీస్‌గఢ్‌లో కుష్టు వైద్యానికి 125 ఏళ్లకు పైబడిన చరిత్ర ఉంది. బిలాస్‌పూర్ ప్రాంతంలోని చాంద్‌ఖురిలో 1897లో, చాంపాలో 1902లో క్రైస్తవ మిషనరీలు కుష్టు ఆశ్రమాలు ప్రారంభించారు. అవి తర్వాత ఆసుపత్రులయ్యాయి. మిషన్ ఆసుపత్రిలో చికిత్స పొందిన సదాశివ్ గోవింద్ కాత్రే 1962లో చాంపా దగ్గరే భారతీయ కుష్ఠ నివారక సంఘాన్ని స్థాపించారు. ఆయన తర్వాత దశాబ్దాల పాటు ఆ సంస్థను నడిపించిన దామోదర్ గణేశ్ బాపట్‌కు 2018లో పద్మశ్రీ దక్కింది. భిలాయికి సమీపంలోని రాయపూర్‌లో కేంద్ర ప్రభుత్వ ప్రాంతీయ కుష్టు శిక్షణ, పరిశోధన సంస్థ ఉంది. దేశంలో ఇలాంటి ప్రాంతీయ సంస్థలు మూడే. మిగిలిన రెండూ ఒడిశాలోని అస్కాలో, పశ్చిమ బెంగాల్‌లోని గౌరీపూర్‌లో ఉన్నాయి.

తెలుగు నేలకూ ఈ చరిత్రలో భాగం ఉంది. నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లిలో స్కాట్లాండ్ నుంచి వచ్చిన వైద్యురాలు ఇసబెల్ కెర్ నెలకొల్పిన ఆసుపత్రి, చాల్‌మోగ్రా నూనె ఇంజెక్షన్ల చికిత్సకు పేరు తెచ్చుకుంది. హైదరాబాద్ కూకట్‌పల్లిలో శివానంద పునరావాస కేంద్రాన్ని రాణి కుముదినీ దేవి 1958లో స్థాపించారు. రాయపూర్ రైలు మార్గానికి బొబ్బిలి దగ్గర కలిసే సాలూరులోనూ పాత కుష్టు ఆసుపత్రి ఉంది.

నిజంగా పనిచేసే మందు 1940లలో వచ్చింది. అమెరికాలోని కార్విల్‌లో గై ఫాజెట్ 1941లో సల్ఫోన్ జాతి మందును ప్రయోగించారు. అదే జాతికి చెందిన చవకైన డాప్సోన్‌ను వాడుకలోకి తేవడంలో తమిళనాడులోని చెంగల్పట్టులో పనిచేసిన రాబర్ట్ కాక్రేన్ పాత్ర పెద్దది. కానీ డాప్సోన్ ఒక్కదాన్నే ఏళ్లతరబడి వాడటంతో సూక్ష్మజీవి మొండికెత్తింది. 1964లో మలేసియాలో ఈ నిరోధకతను ఎలుక పాదం పరీక్షతో నిరూపించారు.

దాంతో 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణుల బృందం బహుళ ఔషధ చికిత్సను సూచించింది. రిఫాంపిసిన్, డాప్సోన్, క్లోఫాజిమిన్ అనే మూడు మందులను కలిపి ఇవ్వడం దాని సారం. ఒక మందుకు లొంగని సూక్ష్మజీవిని రెండోది చంపుతుంది. మచ్చలు ఐదు లోపు ఉన్న రకానికి ఆరు నెలలు, అంతకు మించి ఉంటే 12 నెలలు వాడాలి. చికిత్స మొదలైన కొద్ది రోజులకే వ్యాధిని ఇతరులకు అంటించే శక్తి దాదాపు పోతుంది. దేశంలో 1955లో మొదలైన జాతీయ కుష్టు నియంత్రణ కార్యక్రమాన్ని 1983లో నిర్మూలన కార్యక్రమంగా మార్చి, ఈ చికిత్సను జిల్లాలవారీగా తీసుకువెళ్లారు.

ఫలితం అసాధారణం. ప్రభుత్వ లెక్కల ప్రకారం 1981లో ప్రతి 10 వేల మందికి 57.2 కేసులు ఉండగా, 2024–25 నాటికి అది 0.57కు తగ్గింది.

లెక్కలో దాగిన చిక్కు

ఆ తగ్గుదలలో అధిక భాగం చికిత్స సాధించినదే. అయితే కొంత లెక్కించే పద్ధతి నుంచీ వచ్చింది. వ్యాధి రేటు అంటే ఆ రోజున చికిత్సలో ఉన్నవారి సంఖ్య. చికిత్స ముగిసిన వెంటనే పేరు జాబితా నుంచి తీసేస్తారు. ఎక్కువ మచ్చలున్న రకానికి మొదట్లో 24 నెలల చికిత్స ఉండేది. 1990ల చివర దాన్ని 12 నెలలకు కుదించారు. కొత్తగా వ్యాధి బారిన పడేవారి సంఖ్య మారకపోయినా, ఆ మార్పుతోనే జాబితా సగానికి తగ్గుతుంది.

అందుకే వ్యాప్తిని అంచనా వేయడానికి పరిశోధకులు వేరే సూచికలను చూస్తారు. ఒకటి, ఏటా బయటపడే కొత్త కేసులు. రెండు, వాటిలో పిల్లల వాటా. పిల్లలకు వ్యాధి వచ్చిందంటే ఇటీవలి సంవత్సరాల్లోనే ఆ ఇంట్లోనో వీధిలోనో సూక్ష్మజీవి ఒకరి నుంచి ఒకరికి చేరిందని అర్థం. మూడు, గుర్తించే నాటికే కంటికి కనిపించే వైకల్యం వచ్చినవారి సంఖ్య. అది ఆలస్యానికి కొలమానం.

నిర్మూలన ప్రకటన తర్వాత కుష్టు కోసమే పనిచేసిన ప్రత్యేక సిబ్బంది వ్యవస్థ సాధారణ ఆరోగ్య సేవల్లో కలిసిపోయింది. ఇంటింటికీ వెళ్లి వెతకడం తగ్గింది. 2016లో ప్రత్యేక గుర్తింపు ఉద్యమాలు మొదలైనప్పుడు దాగి ఉన్న కేసులు మళ్లీ వేల సంఖ్యలో బయటపడ్డాయి. కోవిడ్ సమయంలో దీనికి తలకిందులుగా జరిగింది. 2019–20లో దేశంలో 1.14 లక్షల కొత్త కేసులు నమోదు కాగా, 2020లో సుమారు 65 వేలే నమోదయ్యాయి. ఐదేళ్లు దాగి ఉండే వ్యాధి ఒక్క ఏడాదిలో సగానికి తగ్గదు. ఆ ఏడాది వెతికేవాళ్లే తగ్గారు. ప్రపంచంలో ఏటా బయటపడే కొత్త కేసుల్లో సగానికి పైగా నేటికీ భారత్‌లోనే నమోదవుతున్నాయి.

స్పర్శ పోయిన చేయి

ఆలస్యానికి మూల్యం చెల్లించేది నరాలు. కుష్టు వల్ల వేళ్లు రాలిపోతాయన్నది పాత అపోహ. సూక్ష్మజీవి వేళ్లను తినదు. నరం దెబ్బతినడంతో స్పర్శ పోతుంది. వేడి, నొప్పి తెలియవు. కాలిన గాయం, గుచ్చుకున్న మేకు, చెప్పు కొరుకుడు ఏవీ తెలియక పుండ్లుగా మారతాయి. అవి మానకపోతే ఎముక దాకా ఇన్ఫెక్షన్ పాకుతుంది. కొన్ని కండరాలు చచ్చుబడి వేళ్లు గోళ్లలా ముడుచుకుంటాయి. రెప్ప మూతపడని కన్ను చూపు కోల్పోతుంది.

కాలిన ఇనుము, వెల్డింగ్, బరువుల మోత మధ్య పనిచేసే చోట స్పర్శ లేని చేయి అంటే ఏమిటో వివరించనక్కర్లేదు. పర్మినెంట్ ఉద్యోగికి కంపెనీ ఆసుపత్రి ఉంటుంది. రోజుకూలీ మీద వచ్చే కాంట్రాక్టు కార్మికుడు మచ్చ చూపించడానికి ఒక పూట పని మానుకోవాలి. నొప్పి లేని మచ్చ కోసం ఆ పూట కూలి వదులుకునేవారు తక్కువ. నొప్పి లేకపోవడమే ఈ వ్యాధి లక్షణమని తెలిసినవారూ తక్కువే.

మందు సూక్ష్మజీవిని చంపుతుంది, అప్పటికే చచ్చుబడిన నరాన్ని బతికించదు. పైగా చికిత్స సమయంలో, కొన్నిసార్లు అది ముగిశాక కూడా, శరీర రోగనిరోధక వ్యవస్థ ఒక్కసారిగా విరుచుకుపడి నరాలను వాచేలా చేస్తుంది. దీన్ని ‘రియాక్షన్’ అంటారు. ఆ దశలో ప్రెడ్నిసోలోన్ వెంటనే ఇవ్వాలి. ఇటీవలి నరాల దెబ్బకు ఆ మందును 20 వారాలు ఇవ్వాలా, 32 వారాలా అన్నదాని మీద ఆసియా దేశాల్లో పెద్ద ట్రయల్ జరిగింది. రెండింటి ఫలితాల్లో చెప్పుకోదగ్గ తేడా లేదని 2017లో తేలింది. స్టెరాయిడ్‌ను అనవసరంగా మూడు నెలలు అదనంగా వాడకుండా ఆపగలిగిన పరిశోధన అది.

ముడుచుకున్న వేళ్లను సరిచేసే శస్త్రచికిత్సకు బాట వేసింది వెల్లూరులో 1940ల చివర్లో పాల్ బ్రాండ్ చేసిన కృషి. పనిచేస్తున్న కండరం స్నాయువును చచ్చుబడిన చోటికి మళ్లించడం ఆ పద్ధతి. నేడు రాయపూర్ సంస్థతో సహా అనేక చోట్ల ఈ శస్త్రచికిత్సలు చేస్తున్నారు.

నివారణ వైపు పరిశోధన

వ్యాధి వచ్చాక నయం చేయడంతోనే గొలుసు తెగదని తేలిన తర్వాత, పరిశోధన చుట్టూ ఉన్నవారి వైపు మళ్లింది. బంగ్లాదేశ్‌లో జరిగిన కోలెప్ ట్రయల్‌లో, వ్యాధిగ్రస్తుల కుటుంబ సభ్యులకు, ఇరుగుపొరుగుకు ఒకే ఒక్క డోసు రిఫాంపిసిన్ ఇచ్చారు. మొదటి రెండేళ్లలో వారిలో కొత్త కేసులు 57 శాతం తగ్గాయి. ఆ తర్వాత అదనపు ప్రయోజనం కనిపించలేదు. పూర్తి రక్షణ కాకపోయినా చవకైనది, ఒక్క రోజులో ముగిసేది కావడంతో భారత జాతీయ కార్యక్రమం దీన్ని స్వీకరించింది.

ఇందులో ఒక సామాజిక చిక్కు ఉంది. పక్కింటివారికి మాత్ర ఇవ్వాలంటే ఎవరికి వ్యాధి ఉందో బయటపడవచ్చు. కాబట్టి వ్యాధిగ్రస్తుల అనుమతి, గోప్యత ఈ పద్ధతికి ప్రాణం. రిఫాంపిసిన్ క్షయకు కూడా ప్రధాన మందు కనుక, క్షయ లక్షణాలు లేవని చూసుకున్నాకే ఇవ్వాలి. ఈ మందుకు నిరోధకతను కనిపెట్టడానికి ఇప్పుడు ఎలుక పాదాల కోసం ఎదురుచూడక్కర్లేదు. ఆర్‌పీఓబీ అనే జన్యువులో మార్పులను పరీక్షించి కొద్ది రోజుల్లో చెప్పవచ్చు.

టీకా విషయంలో భారతీయ ప్రయత్నానికి హైదరాబాద్‌తో సంబంధం ఉంది. జాతీయ ఇమ్యునాలజీ సంస్థలో జి.పి. తల్వార్ బృందం హానిలేని ఒక మైకోబాక్టీరియాతో టీకా రూపొందించింది. ఆ జీవి జన్యుక్రమాన్ని విప్పడంలో హైదరాబాద్ శాస్త్రవేత్తలు పాలుపంచుకున్నారు. ‘మైకోబాక్టీరియం ఇండికస్ ప్రానీ’ అన్న పేరులో దేశం పేరూ, ప్రాణ్ తల్వార్ పేరూ, సంస్థ పేరూ కలిసి ఉన్నాయి. ఉత్తరప్రదేశ్‌లో వ్యాధిగ్రస్తుల కుటుంబీకులపై జరిగిన అధ్యయనంలో మొదటి కొన్నేళ్లు మూడింట రెండు వంతుల మేర రక్షణ కనిపించి, కాలక్రమంలో తగ్గింది. 1998లో వెలువడిన దక్షిణ భారత టీకా ట్రయల్‌లో ఇదే టీకా ఇచ్చిన రక్షణ సుమారు 26 శాతమే. బీసీజీని, చంపిన కుష్టు సూక్ష్మజీవితో కలిపి ఇచ్చినప్పుడు అది 64 శాతం. ఏ టీకా ఎవరికి, ఎప్పుడు అన్న చర్చ ఇంకా ముగియలేదు.

హెచ్‌ఐవీతో పోలిక

భారత్‌లో హెచ్‌ఐవీని 1986లో చెన్నైలో సునీతి సాల్మన్, సెల్లప్పన్ నిర్మల గుర్తించారు. అప్పట్లో ఒక భయం ఉండేది. హెచ్‌ఐవీ క్షయను రెచ్చగొట్టినట్లే కుష్టునూ రెచ్చగొడుతుందేమోనని. అలా జరగలేదు. కుష్టు సూక్ష్మజీవి మరీ నెమ్మదిగా పెరగడం ఒక కారణం కావచ్చని పరిశోధకుల అభిప్రాయం. అయితే ఏఆర్‌టీ మొదలుపెట్టి రోగనిరోధక శక్తి కోలుకుంటున్న దశలో, లోపల దాగిన కుష్టు కొందరిలో బయటపడటం వైద్యులు గమనించారు.

రెండు వ్యాధుల చికిత్సా చరిత్రలను పక్కపక్కన పెడితే ఒక విచిత్రం కనిపిస్తుంది. హెచ్‌ఐవీని పూర్తిగా తొలగించే మందు లేదు. ఏఆర్‌టీ జీవితాంతం వాడాలి. అయినా 2004 ఏప్రిల్ 1 నుంచి ప్రభుత్వం ఉచిత ఏఆర్‌టీ ఇవ్వడం, పరీక్షలు విస్తరించడం, బాధితుల సంఘాలు నిలబడి అడగడం వల్ల ఒకప్పుడు తీవ్రంగా ఉన్న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనూ కొత్త సంక్రమణలు తగ్గాయి. మందు సక్రమంగా వాడితే ఇతరులకు సోకడం దాదాపు ఆగిపోతుందని 2011లో ఒక అంతర్జాతీయ ట్రయల్ నిరూపించింది. అందులో చెన్నై, పుణె కేంద్రాలూ ఉన్నాయి. కుష్టుకు ఏడాదిలో నయం చేసే మందు ఉంది. కానీ రక్తపరీక్షతో ముందే పట్టుకునే నమ్మకమైన, సులువైన మార్గం ఇంకా లేదు. ఇప్పటికీ గుర్తింపు మనిషి కళ్ల మీద, వేళ్ల మీద ఆధారపడి ఉంది.

మితానిన్ కళ్లు

ఛత్తీస్‌గఢ్‌లో ఆ కళ్లు మితానిన్‌లవి. ఛత్తీస్‌గఢీలో మితానిన్ అంటే స్నేహితురాలు. 2002లో మొదలైన ఈ గ్రామ ఆరోగ్య కార్యకర్తల వ్యవస్థ, తర్వాత దేశమంతా వచ్చిన ఆశా కార్యక్రమానికి ఒక నమూనా. జాతీయ కార్యక్రమం ప్రోత్సాహకాల్లోనే ఆలస్యం విలువ లెక్కగట్టి ఉంది. వైకల్యం రాకముందే కేసును గుర్తిస్తే 250 రూపాయలు, వైకల్యం వచ్చాక గుర్తిస్తే 200 రూపాయలు. చికిత్స పూర్తి చేయిస్తే ఆరు నెలల కోర్సుకు 400, ఏడాది కోర్సుకు 600.

చూపించుకోవడానికి జంకేవారికి చట్టం కూడా చాలాకాలం ధైర్యం ఇవ్వలేదు. బలవంతపు ఏకాంతానికి వీలిచ్చిన 1898 నాటి కుష్టు చట్టం 2016లో గానీ రద్దు కాలేదు. కుష్టును విడాకులకు కారణంగా చూపే నిబంధనలను పార్లమెంటు 2019లో తొలగించింది. భర్తకు తెలిస్తే కాపురం పోతుందని భయపడే మహిళ మచ్చను చీర చెంగు కింద దాచుకున్నంత కాలం, పక్కన పడుకునే పిల్లలకు ప్రమాదం పొంచే ఉంటుంది.

2027 నాటికి దేశంలో వ్యాప్తిని ఆపాలన్నది ప్రభుత్వ లక్ష్యం. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణం ప్రకారం వ్యాప్తి ఆగిందని చెప్పాలంటే, స్థానికంగా సోకిన పిల్లల కేసు ఒక్కటి కూడా వరుసగా ఐదేళ్ల పాటు కనిపించకూడదు. కుష్టును నిర్మూలించినట్లు ఆ సంస్థ ధ్రువీకరణ పొందిన మొదటి దేశం జోర్డాన్, అదీ 2024లో. భారత్‌లో 2024–25లో బయటపడిన కొత్త కేసుల్లో పిల్లలు 4.68 శాతం. పదేళ్ల కిందట అది 9 శాతం. దారి సరైనదేనని ఆ తగ్గుదల చెబుతోంది, గడువు ఎంత దగ్గరగా ఉందో కూడా గుర్తుచేస్తోంది.

చర్మంపై రంగు తగ్గిన లేదా ఎర్రటి మచ్చ, అక్కడ స్పర్శ తెలియకపోవడం, చేతులు, పాదాల్లో తిమ్మిరి, మెరుస్తూ దళసరిగా మారిన చెవి తమ్మెలు, చల్లటి వేడి వస్తువుల తేడా తెలియకపోవడం. వీటిలో ఏది కనిపించినా దగ్గరలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పరీక్ష, మందు రెండూ ఉచితం. ఊరు మారే కార్మికుడు చికిత్స కార్డు వెంట తీసుకువెళితే, మిగిలిన నెలల మందును కొత్త చోట కొనసాగించవచ్చు.